గింజ దొరికితే పుంజు ఎందుకు పిలుస్తుంది?

ఒకప్పుడు పుంజుకి పిలవడం తెలీదు.

కూయడం తెలుసు. కూత వేరు, పిలుపు వేరు. కూత అంటే "నేనున్నానహో!" అని ఊరందరికీ చాటుకోవడం. పిలుపు అంటే "రండర్రా, ఇక్కడ తిండి ఉంది" అని పక్కవాళ్ళకి చెప్పడం. మొదటిది పుంజుకి పుట్టుకతోనే వచ్చింది. రెండోది ఎలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. మధ్యలో ఎవరైనా ఊ కొట్టడం మానేశారో, అక్కడితో ఆపేసి నా పని నేను చూసుకుంటాను. నాకు బోలెడు పని ఉంది.

ఒక కొండ వాలులో ఒకే ఒక్క ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో పైడమ్మ, ఆమె మొగుడు ముత్యాలు. వాళ్ళ పెరట్లో మూడు పెట్టలు, ఒక పుంజు. నల్లగా ఉండేది నల్లపెట్ట. ఒళ్ళంతా చుక్కలుండేది చుక్కలపెట్ట. మెడ మీద ఒక్క ఈక లేనిది బోడిపెట్ట.

ఇక పుంజు. అబ్బో, ఆయనగారి పేరు దొరబాబు!

పైడమ్మే ముద్దుగా పెట్టింది ఆ పేరు. పెట్టకుండా ఉన్నా బాగుండేది. ఆ పేరు వినీ వినీ వాడు తాను నిజంగానే దొరననుకున్నాడు. తోక పైకెత్తి, రొమ్ము ముందుకు పెట్టి, ఒక్కో అడుగూ నేలని కరుణించినట్టు వేసేవాడు. అప్పట్లో పుంజు జుట్టు ఎర్రగా ఉండేది కాదు, తెల్లగా ఉండేది. అది కూడా తనకి కిరీటమే అనుకునేవాడు.

ఆ పెరట్లో ఒక రివాజు ఉండేది. దొరబాబు పెట్టిందే. పైడమ్మ గింజలు చల్లగానే ముందు వాడు తినాలి. వాడి పొట్ట నిండి, ముక్కు రెండువైపులా నేలకి రాసి తుడుచుకున్నాక, మిగిలితే పెట్టలు తినాలి. అంతదాకా ఎడంగా నిలబడాలి. ఒక్క పెట్ట ముక్కు వంచిందా, ఠపీమని మెడ మీద పొడుపు!

బోడిపెట్ట మెడ అలా బోడిగా పుట్టలేదర్రా. దానికీ అందరిలాగే ఈకలుండేవి, తేనెరంగు ఈకలు. దానికి పిల్లలున్నప్పుడు ఆకలికి ఆగలేక ముందుకొచ్చేది. వచ్చినప్పుడల్లా దొరబాబు పొడిచేవాడు. పొడుపుకో ఈక ఊడింది. పిల్లలు పెద్దవై తలో దారీ పోయాయి. మెడ మాత్రం అలాగే మిగిలింది.

గింజల సంగతే ఇలా ఉంటే, ఇక పురుగుల సంగతి వినండి. దొరబాబు పెంటకుప్ప మీద గీకుతూ ఉంటే ఎప్పుడో ఒక లావుపాటి తెల్లపురుగు దొరికేది. అటూ ఇటూ చూసేవాడు. గుటుక్కున మింగేవాడు. కాలితో గుంట పూడ్చేసేవాడు. ఆ తర్వాత మెడ సాచి ఆకాశంలోకి చూసేవాడు, అక్కడేదో పెద్ద పని ఉన్నట్టు!

"ఏం దొరికింది దొరా?" అని చుక్కలపెట్ట అడిగేది.

"ఏం లేదు. మబ్బు పట్టిందేమోనని చూస్తున్నా" అనేవాడు. గొంతులో పురుగు ఇంకా కిందికి దిగుతూనే ఉండేది.

నవ్వకండి. మీలో కూడా బెల్లంముక్క నోట్లో పెట్టుకుని "నేను తినలేదు" అన్నవాళ్ళు ఉన్నారు. పేరు చెప్పమంటారా?

సరే. ఆ ఏడు పంట చేతికొచ్చే సమయానికి తుఫాను పడింది. జొన్నచేను నేలకి పడుకుంది. కుండల్లోకి రావాల్సిన గింజ బురదలో కలిసిపోయింది. ఆ వెనకాలే చలికాలం వచ్చింది. అలాంటిలాంటి చలి కాదు. పొద్దున్నే పొగమంచు కొండ మీంచి దిగి పెరట్లో కూర్చుంటే, మధ్యాహ్నానికి గానీ లేచేది కాదు. పురుగులన్నీ మట్టిలోపలికి దూరిపోయాయి. చీమ కూడా బయటికి రాలేదు. పైడమ్మ అంతకుముందు చేటతో చల్లేది, ఇప్పుడు గుప్పిటితో చల్లుతోంది.

అంత చలిలో పెట్టలు మూడూ గూట్లో ఒకదాన్నొకటి ఆనుకుని ముడుచుకునేవి. దొరబాబు మాత్రం గూట్లోకి వెళ్ళేవాడు కాదు.

"లోపలికి రా దొరా, మంచు పడుతోంది" అంది బోడిపెట్ట.

"మీ మధ్యనా? మీ రెక్కల కిందా? నేనా?" అని దొరబాబు ఎగిరి ఇంటి కొప్పెక్కి కూర్చున్నాడు. మంచు ధారగా కారుతోంది. తోక తడిసి చీపురుకట్టలా వేలాడుతోంది. అయినా దిగలేదు.

మూడు రోజులు అలా దొరతనం చూపించాడు. నాలుగో రోజు పొద్దున్నే కూయడానికి మెడ సాచాడు. "కొ... కొక్... ఖ్ఖ్... హాచ్చి!"

అదీ ఆ రోజు కూత.

మధ్యాహ్నానికి ముక్కు వెంట నీళ్ళు. సాయంత్రానికి గొంతులో గురగుర. మర్నాటికి కళ్ళు రెండూ వాచి, పుసి కట్టి, రెప్పలు అంటుకుపోయాయి. దొరబాబుకి లోకం కనపడడం మానేసింది. కొప్పు మీంచి దిగబోయి దబ్బున పడ్డాడు. పడినచోటే రెక్కలు వేలాడేసి, తల వంచి కూర్చున్నాడు.

పైడమ్మ పరిగెత్తుకొచ్చింది. "నీ పొగరు మండిపోనూ! గూట్లో చోటు లేదా నీకు? కొప్పు మీద ఏటి, నీ తాత దాచిన లంకెబిందెలున్నాయా?" అని తిడుతూనే వాణ్ణి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ప్రేమ ఎప్పుడూ తిట్లలోనే ఉండేది.

పొయ్యికి ఎడంగా ఎండుగడ్డి పరిచింది. దాని మీద వాణ్ణి కూర్చోబెట్టి వెదురుగంప బోర్లించింది. గంప మీద పాతచీర కప్పింది, కిందివైపు మాత్రం గాలాడ్డానికి వదిలింది. పెంకు కాల్చి, గుడ్డలో చుట్టి వాడి పక్కన పెట్టింది. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పూటపూటా కళ్ళు తుడిచింది. మిరియాలు, వెల్లుల్లి, పసుపు కలిపి నూరి ఉండ చేసి నోట్లో పెట్టింది.

ఆ ఉండ ఘాటుకి దొరబాబు తల తిరిగిపోయింది. అంతే, ఆ తర్వాత పైడమ్మ చేతి వాసన తగిలితే చాలు, ముక్కు బిగబట్టేవాడు. అంబలి పెడితే తీసుకోలేదు. గింజలు ముందు పోస్తే వాడికి కనపడవాయె. కోడి కంటితో చూసి తింటుంది. కన్ను మూసుకుపోయిన కోడి గింజల కుప్ప మీద కూర్చుని కూడా పస్తుంటుంది.

రెండు రోజులు గడిచాయి. ముత్యాలు గంప ఎత్తి చూశాడు. వేళ్ళతో వాడి రొమ్ము తడిమాడు. ఎముక తగిలింది.

"పైడీ, ఈడు బతకడే. ఇవాళ కోసేత్తే కూరైనా అవుద్ది. రేపటికి ఆ మాత్రం మాంసం కూడా ఉండదు" అన్నాడు.

అతన్ని తప్పు పట్టకండి. ఆ చలికాలంలో ఆ ఇంట్లో మనుషులు కూడా కడుపునిండా తిని చాలా రోజులైంది.

పైడమ్మ గంప మళ్ళీ బోర్లించి చీర సర్దింది. తర్వాత అంది: "అమాస దాకా ఆగు మావా. ఇంకా ఐదు రోజులుంది. అమాసనాటి పొద్దున్న కూత వినపడితే ఉంచుదాం. వినపడకపోతే నీ ఇష్టం, నానడ్డు రాను."

గుమ్మం దగ్గర నిలబడ్డ పెట్టలు మూడూ ఈ మాట విన్నాయి.

"పీడా పోతుంది" అంది నల్లపెట్ట వెంటనే. "ఐదు రోజులు కళ్ళు మూసుకుంటే చాలు. ఆ తర్వాత మన గింజలు మనవే. ఎడంగా నిలబడక్కర్లేదు, పొడుపులు తినక్కర్లేదు."

చుక్కలపెట్ట అవునన్నట్టు తల ఊపింది. బోడిపెట్ట మాత్రం గంపకేసి చూస్తోంది. లోపల దొరబాబు నిద్రలో సన్నగా మూలుగుతున్నాడు. దొర మూలుగులా లేదది, పిల్ల మూలుగులా ఉంది.

"నా మూడో పిల్లకి కళ్ళు మూసుకుపోయినప్పుడు నేనేం చేశానో గుర్తుందా?" అంది బోడిపెట్ట.

"వాడు నీ పిల్ల కాదు! నీ మెడ ఎవరి పుణ్యమో మరిచిపోయావా?" అంది నల్లపెట్ట.

"మరిచిపోలేదు. చలేస్తే ముందు ఆ మెడకే వేస్తుంది, ఎలా మరిచిపోతాను? కానీ పక్కన ఒకడు ఆకలితో మూలుగుతుంటే నాకు గింజ దిగదే. అది నా జబ్బు. వాడి జబ్బు కంటే పాతది."

ఆ సాయంత్రం పైడమ్మ గుప్పెడు గింజలు చల్లింది. బోడిపెట్ట తన వాటాలో ఒక జొన్నగింజ ముక్కున పట్టుకుని లోపలికి వచ్చింది. గంప దగ్గర దాన్ని నేల మీద పెట్టి, మెల్లగా పిలిచింది.

"కొక్... కొక్... కొక్..."

తల్లికోడి పిల్లల్ని తిండికి పిలిచే పిలుపు అది. గుడ్డులోంచి బయటికొచ్చిన ప్రతి పిల్లా మొట్టమొదట నేర్చుకునే మాట. ఎంత దొరైనా ఒకప్పుడు పిల్లే కదా! లోపల దొరబాబు తల కదిలింది. వాడికి తెలీకుండానే ముక్కు తెరుచుకుంది. బోడిపెట్ట గింజ అందుకుని, గంప సందులోంచి మెడ దూర్చి, ఆ ముక్కులో పెట్టింది. ఈకల్లేని మెడ కాబట్టి ఆ సందులో పట్టింది. ఈకలుంటే పట్టేది కాదు.

దొరబాబు మింగాడు.

మళ్ళీ ఒక గింజ. మళ్ళీ "కొక్ కొక్ కొక్". మళ్ళీ ఒకటి.

పది గింజలు పడేసరికి దొరబాబుకి నోరు లేచింది. కళ్ళు తెరుచుకున్నాయా? లేదు. నోరు మాత్రం లేచింది.

"ఎవరే అక్కడ కొక్ కొక్‌మంటున్నది? నా గుమ్మంలో నిలబడి, నా గింజలు తింటూ, నన్ను ఊరిస్తున్నారా? పైడమ్మ తల్లి గనక నాకు ఒక్కో గింజా నోట్లో పెడుతోంది. మీరైతే నన్ను మాడ్చి చంపేవాళ్ళే! నా కళ్ళు తెరుచుకోనీ, ముగ్గురి మెడలూ బోడి చేస్తాను!"

చూశారా? కళ్ళు లేనివాడు చెవితో విన్నదానికి తనకి తోచిన కథ అల్లుకున్నాడు. పిలుపేమో పెట్టలది, గింజేమో పైడమ్మది అనుకున్నాడు. తనకోసం గింజ తెచ్చే పెట్ట కూడా ఉంటుందని వాడికి తట్టనే లేదు. ఎందుకంటే వాడెప్పుడూ ఎవరికీ గింజ తీసుకెళ్ళలేదు.

నల్లపెట్టకి ఒళ్ళు మండింది. "ఒసే, చెప్పేస్తాను వాడికి!"

"చెప్పకు" అంది బోడిపెట్ట. "మనం పెడుతున్నామని తెలిస్తే నోరు తెరవడు. పొగరుతో చచ్చిపోతాడు. కోలుకున్నాక చెబుదువుగాని."

మర్నాడు చుక్కలపెట్ట కూడా ఒక గింజ తెచ్చింది. బోడిపెట్ట ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఇంకో రోజు గడిచాక నల్లపెట్ట కూడా తెచ్చింది. "నాకివాళ ఆకలిగా లేదు, అంతే. ఇంకేం లేదు" అని గొణిగింది. అబద్ధం. ఆకలికి దాని కాళ్ళు వణుకుతున్నాయి.

పైడమ్మ పూటపూటా కళ్ళు కడుగుతూనే ఉంది. పెంకు కాలుస్తూనే ఉంది. దొరబాబు రొమ్ము ఎముక మీద కాస్త కండ పట్టింది. గురగుర తగ్గింది. కళ్ళు మాత్రం విడలేదు, కూత మాత్రం రాలేదు.

ఐదో రోజు సాయంత్రం బోడిపెట్ట వచ్చి మామూలుగా "కొక్ కొక్" అంది. దొరబాబుకి ఇప్పుడు ఒంట్లో బలం వచ్చింది కదా. బలం రాగానే ఏం చేశాడో తెలుసా? పిలుపు ఎటునుంచి వస్తోందో చెవొగ్గి విని, గురి చూసి, సందులోంచి ఠపీమని పొడిచాడు.

కంటి పైన తగిలింది. రక్తం కారి బోడి మెడ మీదికి దిగింది.

"తగిలిందా? ఇప్పుడు కొక్ కొక్ అనవే!" అని లోపల దొరబాబు నవ్వాడు.

నల్లపెట్ట రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. "చాలు! ఇక చాలు! రేపే అమాస. పోనీ వాణ్ణి!"

"కళ్ళు కనపడక పొడిచాడే" అంది బోడిపెట్ట.

"కళ్ళు కనపడినప్పుడు కూడా పొడిచాడుగా!"

బోడిపెట్ట పొయ్యి దగ్గరికి నడిచింది. కాసేపు బూడిదలో తల రాసుకుంది. రక్తం ఆగింది. తర్వాత వెనక్కి వచ్చి, కింద పడ్డ గింజని వెతికి ముక్కున పట్టుకుంది. ఈసారి పిలవలేదు. పిలిస్తే మళ్ళీ పొడుస్తాడని భయం. ఊరికే సందులోకి మెడ దూర్చి నోటికి అందించింది.

దొరబాబు మింగి, "ఆహా, పైడమ్మ తల్లీ" అన్నాడు.

అమావాస్య పొద్దు.

ఇంకా మసకగానే ఉంది. పైడమ్మ లేచి గంప ఎత్తి, వెచ్చటి నీళ్ళతో దొరబాబు కళ్ళు ఆఖరిసారి తుడిచింది. ఇవాళ తిట్టను కూడా తిట్టలేదు. గంప మళ్ళీ బోర్లించి పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. పెరట్లో ముత్యాలు కత్తి నూరుతున్నాడు. సర్... సర్... అని రాయి మీద చప్పుడు.

ఆ చప్పుడుకి దొరబాబు ఉలిక్కిపడ్డాడు. అప్పుడే కుడికంటి రెప్ప, తడిసి నానిన రెప్ప, టప్పున విడింది.

ముందు పొయ్యిలో నిప్పు కనపడింది. ఆ తర్వాత పైడమ్మ వీపు కనపడింది. 'అదేమిటి? పైడమ్మ అక్కడుంటే మరి నాకు గింజ...' అనుకుని సందుకేసి చూశాడు.

సందులోంచి ఒక బోడి మెడ లోపలికి వచ్చింది.

ముక్కులో ఒక గింజ. కంటి పైన ఎండిన రక్తం. మెడ కింద పొట్టసంచీ ఉండాలి కదా, తిన్న కోడికి ఉబ్బి ఉంటుంది. దీనికి అది ఖాళీగా, ముడతలుపడి వేలాడుతోంది. దాని వెనక చుక్కలపెట్ట నిలబడి ఉంది, ముక్కున గింజతో. దాని వెనక నల్లపెట్ట, ముక్కున గింజతో. ముగ్గురూ పీనుగుల్లా ఉన్నారు. ముగ్గురిలో ఒక్కరూ గింజ మింగలేదు.

దొరబాబు చూశాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమయ్యాక మాత్రం ఆ ఒక్క కన్ను కూడా తెరుచుకోకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

బోడిపెట్ట గింజ నోట్లో పెట్టింది. గింజ గొంతు దిగలేదు. బయటికి జారి గడ్డి మీద పడింది.

"ఏం? గొంతు నొప్పిగా ఉందా?" అంది బోడిపెట్ట, మళ్ళీ తీసి అందించబోతూ. అప్పుడు చూసింది, కన్ను తెరిచి ఉందని. చటుక్కున మెడ వెనక్కి లాక్కుంది.

ఆ లాక్కోవడం చూసి దొరబాబు చచ్చిపోయాడు. నిజంగా కాదు, సిగ్గుతో. తనకి ఐదు రోజులు తిండి పెట్టిన మెడ, తన కన్ను తెరుచుకోగానే భయపడింది!

"నువ్వా?" అన్నాడు. "ఐదు రోజులూ నువ్వేనా?"

"మేం ముగ్గురం" అంది నల్లపెట్ట. "ఊరించడానికి వచ్చాంలే. నీ గింజలు తింటూ! మెడ బోడి చేస్తానన్నావుగా, చెయ్యి. ఇదుగో నా మెడ."

దొరబాబుకి తాను అన్న ప్రతి మాటా గుర్తొస్తోంది. నిన్న నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గడ్డిలో దూర్చుకున్నాడు. కోడికి ముఖం దాచుకోవడానికి చేతులుండవు కదా.

బయట సర్... సర్... ఆగింది. అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"దొరా, కుయ్యి!" అంది చుక్కలపెట్ట కంగారుగా. "ఇవాళ కూయకపోతే కోసేస్తారు. ముత్యాలు వస్తున్నాడు!"

"నేనేం మొహం పెట్టుకుని కూయను?" అన్నాడు దొరబాబు గడ్డిలోంచే. "నేనున్నానహో అని ఎలా చెప్పను? కోసెయ్యనీ. మీ గింజలు మీకుంటాయి."

అప్పుడు బోడిపెట్టకి కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో దానికి కోపం రావడం అదే మొదటిసారి.

"ఓరి నీ సిగ్గు తగలెయ్య! ఐదు రోజుల మా తిండి నీ పొట్టలో ఉంది. నువ్వు ఇప్పుడు సిగ్గుపడి చస్తే అదంతా ముత్యాలు కూరలోకి పోతుంది. సిగ్గుపడాలంటే తర్వాత పడు, బోలెడు రోజులున్నాయి. ముందు కుయ్యి!"

ముత్యాలు చెయ్యి గంప మీద పడింది.

దొరబాబు లేచి నిలబడ్డాడు. మెడ సాచాడు. ఎదురుగా మూడు పెట్టలు. వాళ్ళ కళ్ళలోకి చూస్తే గొంతు పెగలదు. అందుకని విడిన ఆ ఒక్క కన్నూ గట్టిగా మూసుకున్నాడు. మూసుకుని కూశాడు.

"కొక్కొరొకో...!"

సగంలో కీచుమంది, చివర్లో పగిలింది. అయినా కూత కూతే. పైడమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఒక్క ఉదుటున లేచి, "ఇన్నావా మావా! ఇన్నావా!" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. ముత్యాలు కత్తిని వీపు వెనక దాచుకున్నాడు, ఎవరో చూసినట్టు. "ఇన్నానే" అని పెరట్లోకి పోయి, ఆ కత్తితోనే ఎండుకొమ్మలు నరకడం మొదలుపెట్టాడు, అసలు దానికే నూరినట్టు!

ఆ సిగ్గుకే దొరబాబు జుట్టు ఎర్రబడిందని, ఆ ఎరుపు ఇక దిగలేదని కొందరంటారు. నేను చూడలేదు, ఒట్టేయలేను. కళ్ళు మూసుకుని కూయడం మాత్రం నిజం. మీరే చూడండి, ఏ పుంజైనా కూసేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. అది ఆ పొద్దున్న అలవాటైందే.

ఉండండి, కథ అయిపోలేదు. లేవకండి.

ఆ రోజు మంచు త్వరగా విడింది. పైడమ్మ సంతోషం పట్టలేక, కుండ అడుగున దాచిన జొన్నలు తీసుకొచ్చి దొరబాబు ముందు పోసింది. "తినరా నా తండ్రీ, కడుపునిండా తిను. ఒక్క గింజ వదిలావంటే చూడు!" అంది. చలికాలమంతా ఆ పెరట్లో అంత గింజ ఒక్కచోట ఎవరూ చూడలేదు.

దొరబాబు గింజల ముందు నిలబడ్డాడు. తల తిప్పి చూశాడు.

పెట్టలు మూడూ ఎడంగా నిలబడి ఉన్నాయి. ఎప్పుడూ నిలబడేచోటే, వాడు నేర్పినచోటే. కళ్ళు గింజల మీద ఉన్నాయి. కాళ్ళు మాత్రం కదలడం లేదు.

"రండి" అన్నాడు దొరబాబు.

రాలేదు. ఎలా వస్తాయి? ముక్కు వంచితే చాలు, పొడిచిన రోజులు గుర్తున్నాయి మరి. నల్లపెట్ట ఇంకో అడుగు వెనక్కి వేసింది.

దొరబాబుకి నన్ను క్షమించండి అనాలని ఉంది. కానీ ఆ మాట వాడు పుట్టినప్పటినుంచీ ఎవరికీ అనలేదు. అలవాటు లేని మాట సమయానికి నోటికి రాదు. ఏం చెయ్యాలో తెలీక ఒక గింజ ముక్కున పట్టుకున్నాడు. పెట్టలు నిట్టూర్చాయి, 'ఇంకేం, మింగేస్తాడు' అని.

మింగలేదు. నేల మీద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు.

అప్పుడు వాడికి ఒక మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుపోయి ఉండగా ఐదు రోజులు చెవిలో పడ్డ మాట. తిట్టినా, పొడిచినా మళ్ళీ మళ్ళీ వచ్చిన మాట. అది పుంజుల మాట కాదు, తల్లుల మాట. పుంజు నోటికి అది తిరగదు. అయినా మెడ వంచి, గింజని ముందుకు నెట్టి, మెల్లగా అన్నాడు.

"కొక్... కొక్... కొక్..."

ఎంత బండగా అన్నాడంటే, చుక్కలపెట్ట పకపకా నవ్వేసింది. నల్లపెట్ట ముక్కు తిప్పుకుంది. బోడిపెట్ట మాత్రం నవ్వలేదు. తల పక్కకి వంచి విన్నది. తన పిలుపు వాడి నోట్లోంచి వస్తోంది. అన్ని రోజులూ వాడు విన్నాడన్నమాట!

ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. వాడి ముక్కు దగ్గరికి తన మెడ తీసుకురావడానికి క్షణం జంకింది. దొరబాబు కదల్లేదు, ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. బోడిపెట్ట వంగి ఆ గింజ తీసుకుంది.

మింగింది. ఐదు రోజుల తర్వాత దాని గొంతు దిగిన మంచి ముద్ద అది.

"ఇంకోటి" అన్నాడు దొరబాబు. తీసి పెట్టాడు. "కొక్ కొక్ కొక్!" ఈసారి కాస్త నయంగా వచ్చింది. చుక్కలపెట్ట పరిగెత్తుకొచ్చింది. నల్లపెట్ట, "నాకేం ఆకలి లేదు గానీ, నలుగురితో పాటు..." అంటూ అందరికంటే ఎక్కువ తిన్నది. ముగ్గురూ తింటున్నంతసేపూ దొరబాబు గింజలు తీసి పెడుతూనే ఉన్నాడు, పిలుస్తూనే ఉన్నాడు. మూడు పొట్టసంచులూ ఉబ్బాయి. అప్పుడు వంగి చూస్తే మట్టిలో మూడో నాలుగో గింజలు మిగిలాయి. అవి తిన్నాడు. ఆ రోజు మాత్రం గింజ సాఫీగా గొంతు దిగింది.

పైడమ్మ గుమ్మంలోంచి చూసి, "ఓలమ్మ! జొరం పోయింది గానీ ఈడికి మతి పోయింది మావా. గింజలు తినమంటే ముక్కుతో ఎత్తి దించుతాడేటి!" అంది.

మతి పోలేదు, మతి వచ్చింది. పైడమ్మకేం తెలుసు?

మీకు నమ్మకం లేకపోతే రేపు పొద్దున్న పెరట్లో గుప్పెడు గింజలు చల్లి చూడండి. ఒకటి రెండు దొంగపుంజులుంటాయి, గింజ లేకుండానే పిలిచి మోసం చేసేవి. వాటి మాట వదిలేయండి, మనలో లేరూ అలాంటివాళ్ళు! మంచి పుంజు ఏం చేస్తుందో చూడండి. గింజ తీస్తుంది, దించుతుంది, మళ్ళీ తీస్తుంది, మళ్ళీ దించుతుంది. పెట్ట వచ్చి తీసుకునేదాకా తాను మింగదు.

అప్పటినుంచే పుంజు గింజ దొరికితే ముందు పెట్టల్ని పిలుస్తుంది. తన కూతతో కాదు, కళ్ళు మూసుకుపోయిన రోజుల్లో తాను తిట్టి పొడిచిన ఆ పిలుపుతోనే పిలుస్తుంది.